పదో తరగతికి ఏఐతో స్లిప్ టెస్టులు, ప్రాజెక్టులు: తెలుగు మీడియంలో ఎంతవరకు పనికొస్తుంది?

జమ్మలమడుగు లెక్కలు (కడప జిల్లా)

అందరికీ నమస్కారం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతికి గణితం చెబుతున్నాను. మా తెలుగు సార్, సోషల్ మేడం కూడా ఇదే విషయం అడుగుతున్నారు కాబట్టి ముగ్గురి సందేహాలూ ఒకే చోట పెడుతున్నా. చాట్‌జీపీటీ, జెమినీ రెండూ వాడుతున్నాం, ఉచితంగా దొరికేవే. క్లాసులో ఐఎఫ్‌పీ (వేలితో నొక్కి వాడే పెద్ద తెర) ఉంది. పిల్లల దగ్గర ఇంట్లోవాళ్ల ఫోన్లు తప్ప వేరే ఏమీ లేవు.

వారానికో స్లిప్ టెస్ట్ పెట్టాలి, 20 మార్కులకు, రెండు మీడియాల్లోనూ. ఏఐ ఇచ్చే ప్రశ్నల్లో కొన్ని సిలబస్‌లోనే ఉండవు, కొన్నిటికి జవాబే రాదు. అడగడంలోనే ఏదైనా పద్ధతి ఉందా?

తెలుగు సార్ అడిగేది: ఛందస్సు, సంధుల మీద అభ్యాసాలు చేయించుకోవచ్చా?

సోషల్ మేడం అడిగేది: ప్రాజెక్టులన్నీ ఫోన్లో రాయించుకొని వస్తున్నారు, అన్నీ ఒకే అచ్చు. ఏఐ రాసిందో కాదో చెప్పే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

చివరగా, జవాబు పత్రాలు ఫోటో తీసి దిద్దించొచ్చా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

సార్, మొదటి ప్రశ్నకు జవాబిస్తా. ‘పదో తరగతి గణితం ప్రశ్నలు ఇవ్వు’ అని మాత్రమే అడిగితే దానికి మన పుస్తకం ఏదో తెలియదు. అది నేర్చుకున్న రాతల్లో పాత ఆంధ్ర పుస్తకం, తెలంగాణ పుస్తకం, సీబీఎస్ఈ గైడ్లు అన్నీ కలిసిపోయి ఉంటాయి. మనకు 2024–25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. పాత పుస్తకంలో సమితులు ఒక అధ్యాయం, వాస్తవ సంఖ్యల్లో సంవర్గమానాలు (లాగ్) కూడా ఉండేవి. ఇప్పుడు రెండూ లేవు. అందుకే ‘వాస్తవ సంఖ్యల మీద పది ప్రశ్నలు’ అంటే మధ్యలో లాగ్ లెక్కలు దూరిపోతాయి. తప్పు మోడల్‌దే (అంటే ఆ ఏఐదే) అనలేం, మనం పుస్తకం చేతికివ్వలేదు.

కాబట్టి ముందు పాఠం ఇవ్వాలి, తర్వాతే ప్రశ్నలు అడగాలి. ఒక్కసారికి ఒక్క అభ్యాసానికి సంబంధించిన మూడు నాలుగు పేజీలు చాలు. అధ్యాయం మొత్తం ఇస్తే మొదటి పేజీల మీదా చివరి పేజీల మీదా ప్రశ్నలు వచ్చి, మధ్యలోవి జారిపోతుంటాయి. అడిగే మాట ఇలా ఉండాలి, కాపీ చేసుకోండి:

‘కింద ఇచ్చిన పాఠ్యభాగం ఆధారంగానే పదో తరగతి తెలుగు మాధ్యమానికి ప్రశ్నలు తయారుచెయ్యి. పాఠంలో లేని సూత్రం, పారిభాషిక పదం వాడొద్దు. ఒక మార్కువి 8, రెండు మార్కులవి 4, నాలుగు మార్కులవి 2, ఎనిమిది మార్కులవి 2 కావాలి. ప్రతి ప్రశ్న కింద పాఠంలో దానికి ఆధారమైన వాక్యం, మెట్టు మెట్టుగా సాధన, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో రాయి. ఆధారం దొరక్కపోతే ప్రశ్న రాయకుండా ఆధారం లేదు అని చెప్పు.’

20 మార్కుల పేపర్‌కు కావలసింది 4 ఒక మార్కువి, 2 రెండు మార్కులవి, ఒక నాలుగు మార్కులది, ఒక ఎనిమిది మార్కులది. అంటే అడిగింది సరిగ్గా రెట్టింపు. సగం తీసి పక్కన పెట్టేయడానికే అలా అడగాలి. ఈ కొలత పబ్లిక్ పరీక్ష గణితం పేపర్‌కు దగ్గరగా ఉంటుంది: అక్కడ 12 ఒక మార్కువి, 8 రెండు మార్కులవి, 8 నాలుగు మార్కులవి, 5 ఎనిమిది మార్కులవి, మొత్తం 33 ప్రశ్నలు.

ఇక జవాబు రాని లెక్కలు. ఇది చూడండి: ‘ఒక అంకశ్రేఢిలో మొదటి పదం 7, సామాన్య భేదం 4. ఎన్నో పదం 100 అవుతుంది?’ చదవడానికి ఏ లోపమూ కనపడదు. చేసి చూస్తే 100 లోంచి 7 తీస్తే 93, దాన్ని 4తో భాగిస్తే పూర్ణసంఖ్య రాదు. ఆ శ్రేఢిలో 100 లేనే లేదు. అడగాల్సింది 99, అది 24వ పదం. మోడల్ వాక్యం అల్లేటప్పుడు లెక్క చేసి చూసుకోదు, అలాంటి ప్రశ్నల్లో సాధారణంగా ఏ సంఖ్య వస్తుందో అది పెడుతుంది. 100 లాంటి గుండు సంఖ్యలంటే దానికి మక్కువ. వర్గ సమీకరణాల్లో ఇదే జబ్బు విచక్షణి రుణాత్మకం కావడం (అంటే వాస్తవ మూలాలు లేకపోవడం) రూపంలో వస్తుంది, ఘనపరిమాణాల్లో 22/7 తో కొట్టివేతలు జరగని వ్యాసార్ధాల రూపంలో వస్తుంది.

బహుళైచ్ఛిక ప్రశ్నలకు ఇంకో మాట చేర్చండి: ‘ప్రతి తప్పు ఆప్షన్ పక్కన, విద్యార్థి ఏ పొరపాటు చేస్తే ఆ జవాబు వస్తుందో రాయి.’ పై శ్రేఢిలోనే 24వ పదం అడిగితే సరైనది 99. సామాన్య భేదాన్ని 23 సార్లకు బదులు 24 సార్లు కూడిన పిల్లవాడికి 103 వస్తుంది, 22 సార్లే కూడితే 95, మొదటి పదం కలపడం మరచి 24ను 4తో గుణిస్తే 96. ఇలాంటి ఆప్షన్లు ఉంటే పేపర్ దిద్దగానే ఎవరికి ఏది మళ్లీ చెప్పాలో తెలిసిపోతుంది. ఈ మాట చేర్చకపోతే 12, 500, 99, 1000 లాంటి పనికిరాని ఆప్షన్లు ఇస్తుంది. సరైన జవాబు ఎక్కువసార్లు రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో వచ్చి పడుతుంది, వరుస మీరే మార్చాలి.

ఇంగ్లిష్ మీడియం పేపర్‌ను తెలుగులోకి అనువదించమని మాత్రం అడగొద్దు. మన ద్విభాషా పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్నాయి కదా, అందులోంచి ఆ అధ్యాయం పదాలు ఓ ఇరవై జతలు ఏరి అడిగే మాటకు ముందు అతికించండి. లేకపోతే ఒక ప్రశ్నలో సామాన్య భేదం, ఇంకో ప్రశ్నలో సాధారణ వ్యత్యాసం, మూడో దాంట్లో ఉమ్మడి తేడా. పిల్లలకు మూడూ వేర్వేరు అనిపిస్తాయి.

అనంత పద్యం (అనంతపురం)

తెలుగు సార్‌కు చెప్పండి: ఛందస్సు అభ్యాసాలకు దీన్ని నమ్మొద్దు. కారణం తెలిస్తే ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

‘కర్నూలు’ మనకు మూడక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు గుర్తులు: క, ర, పొల్లు, న, ఊకారపు గుర్తు, ల, ఉకారపు గుర్తు. యూటీఎఫ్-8 లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, కాబట్టి మొత్తం 21 బైట్లు. మోడల్ వాటిని తనకు అలవాటైన ముక్కలుగా విడగొట్టుకుంటుంది, వాటినే టోకెన్లు అంటారు. ఆ ముక్కలు మన అక్షరాల దగ్గర తెగవు. అక్షరమే కనపడని దానికి గురులఘువులు ఎలా కనపడతాయి? కర్నూలులో ‘క’ తర్వాత సంయుక్తాక్షరం ఉంది కాబట్టి గురువు, ‘ర్నూ’ దీర్ఘం కాబట్టి గురువు, ‘లు’ లఘువు. గురువు గురువు లఘువు, త గణం. మోడల్ తరచూ ‘క’ ను హ్రస్వం చూసి లఘువు అనేస్తుంది, అప్పుడది జ గణం అయిపోతుంది. ‘కడప’ మూడూ లఘువులే, న గణం, దీన్ని సులువుగానే చెబుతుంది. ‘అనంత’ లో సున్న వల్ల ‘నం’ గురువు, అది జ గణం. ఈ మూడు మాటలే ఏ యాప్‌కైనా మొదటి పరీక్షగా పెట్టి చూడండి. మూడూ సరిగ్గా చెప్పినా పద్యపాదం ఇచ్చాక మళ్లీ చూడాల్సిందే.

కొత్త పద్యం రాయమంటే ఉత్పలమాల అని చెప్పి ఏదో రాస్తుంది. పాదానికి 20 అక్షరాలుండవు, భ ర న భ భ ర వ గణాలు కుదరవు, పదో అక్షరం దగ్గర యతి ఉండదు. కింద మాత్రం గణవిభజన సరిపోయినట్టే పట్టిక వేసి చూపిస్తుంది. పిల్లల ముందు పెడితే ప్రమాదం ఆ పట్టికతోనే.

సంధుల్లో పుస్తకంలోని ఉదాహరణలు బాగానే చెబుతుంది, కొత్త మాటలు ఇస్తే తడబడుతుంది. ‘వానెప్పుడు’ ఇచ్చి చూడండి. వాన + ఎప్పుడు, అత్వసంధి. ‘ఊరెక్కడ’ ఊరు + ఎక్కడ, ఉత్వసంధి. రెండిటికీ ఉత్వసంధి అనే అవకాశం ఎక్కువ.

మరి దేనికి వాడొచ్చు? అపరిచిత గద్యం మీద ప్రశ్నలకు బాగుంటుంది, గద్యం మీరే ఇవ్వాలి. లేఖ, కరపత్రం, సంభాషణ లాంటి వాటికి మూడు స్థాయుల్లో నమూనాలు రాయించి, ఏది మేలో ఎందుకు మేలో పిల్లల చేత చెప్పించడానికి బాగుంటుంది. దాని తెలుగును దిద్దించడం అన్నిటికన్నా మంచి అభ్యాసం. ‘గండికోట పెన్నా నదిచే చెక్కబడిన లోతైన లోయను కలిగి ఉంది’ అని రాస్తుంది. బోర్డు మీద ఆ వాక్యం పెట్టి మన మాటలో చెప్పమంటే ‘గండికోట దగ్గర పెన్నా కొండను కోసుకుంటూ పారుతుంది’ అంటారు పిల్లలు. ‘చే’, ‘బడిన’, ‘కలిగి ఉంది’ ఈ మూడిటి కింద గీతలు గీయించండి, వాళ్ల సొంత రాతలోనూ అవి తగ్గుతాయి.

జమ్మలమడుగు లెక్కలు

చాలా ఉపయోగం సార్. రెండు అడ్డంకులు. పుస్తకం పీడీఎఫ్‌లోంచి పాఠం కాపీ చేస్తే కొన్ని ఫైళ్లలో తెలుగు రాకుండా పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఇంకోటి, పన్నెండు పదహారు లెక్కలూ చేసి చూడాలంటే నేనే పేపర్ తయారుచేసుకునే దానికన్నా ఎక్కువ సమయం పడుతుంది కదా?

హంద్రీ ఒడ్డు

పిచ్చి గుర్తులకు కారణం అను లాంటి పాత డీటీపీ ఫాంట్లు. కంటికి తెలుగు, లోపల యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు. ఆ పేజీని ఫోటోగానో స్క్రీన్‌షాట్‌గానో ఇవ్వండి, లేదా గూగుల్ లెన్స్‌తో అక్షరాలు తీయండి. తీశాక ఒత్తులు, ప–ఫ, ఘ–ఝ, మ–వు జతలు ఒకసారి చూసుకోవాలి. భిన్నాలు, ఘాతాలు ఫోటోలోంచి చాలాసార్లు చెదిరిపోతాయి. వాటిని చేత్తో టైప్ చేయడమే మేలు.

సమయం సంగతి: ప్రశ్నల ఎంపిక మొదట, సరిచూడడం తర్వాత. పదహారులో పనికిరానివి చదవగానే తెలుస్తాయి, మిగిలిన ఎనిమిదే చేసి చూడాలి. దాని సాధన చూడకుండా కాగితం మీద మీరు చేయండి, చివరి సంఖ్య మాత్రం పోల్చండి. సాధన చదువుతూ పోతే అది వెళ్లిన దారినే మన కన్నూ పోతుంది, తప్పు కనపడదు. బాగున్న ప్రశ్న ఒకటి దొరికితే సంఖ్యలు మార్చుకొని రెండో సెట్ మీరే చేసుకోవచ్చు. 4 మీటర్ల వ్యాసం, 14 మీటర్ల లోతు బావి తవ్వితే 176 ఘనపు మీటర్ల మట్టి. లోతు 21 చేస్తే 264. లోతు 7 గుణిజంగా ఉన్నంతకాలం 22/7 ఇబ్బంది పెట్టదు.

ఆదోని సాంఘికం (కర్నూలు జిల్లా)

మేడం గారి ప్రశ్నకు నా జవాబు. పట్టుకునే సాఫ్ట్‌వేర్ మీద ఆశ పెట్టుకోవద్దు. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే అలాంటిది విడుదల చేసి, సరిగ్గా చెప్పలేకపోతోందని 2023 జూలైలో తీసేశారు. తెలుగు రాతకు అయితే ఇంకా కష్టం. సొంతంగా కష్టపడి రాసిన పిల్లను దొంగ అని అనడం కన్నా పెద్ద తప్పు మన ఉద్యోగంలో ఉండదు.

ప్రాజెక్టు విషయాన్ని మార్చండి, ఏఐకి తెలియడానికి వీల్లేనిది అడగండి. ‘భూగర్భ జలాలు’ అంటే నాలుగు పేజీలు క్షణంలో వచ్చేస్తాయి. ‘మీ వీధిలో పది ఇళ్ల బోర్ల లోతు, వేసిన సంవత్సరం, ఇప్పుడు నీళ్లు వస్తున్నాయా లేదా పట్టిక వేసి, పదేళ్ల కిందటి బోర్లకు ఇప్పటి వాటికి తేడా రాయండి’ అంటే ఇల్లు కదలాల్సిందే. పట్టిక చేత్తో రాసిన చిత్తు కాగితం కూడా జతచేయాలి. ఆ తర్వాత వాక్యాలు సరిచేసుకోవడానికి ఏఐ వాడుకున్నా నష్టం లేదు, ఏమని అడిగారో చివరి పేజీలో రాయమనండి. మార్కుల్లో సగం పట్టికకు, చిత్తుకు పెట్టండి. మిగిలిన సగం ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు నిలబెట్టి అడిగే ప్రశ్నలకు. ‘ఈ ఇంట్లో బోరు 600 అడుగులు అని రాశావు, ఎవరు చెప్పారు?’ లాంటి ఒక్క ప్రశ్న చాలు.

క్లాసులో చేయదగ్గది ఇంకోటి. ఐఎఫ్‌పీ మీద మీ ఖాతాతోనే ‘బెలూం గుహల మీద పది వాక్యాలు’ అని రాయించండి. పిల్లల్ని నాలుగు జట్లు చేసి ప్రతి వాక్యం పక్కనా మూడింట్లో ఒక గుర్తు పెట్టమనండి: ఆధారం దొరికింది, తప్పు, ఆధారం దొరకలేదు. ‘కర్నూలు జిల్లాలోని బెలూం గుహలు’ అని వచ్చిందనుకోండి, ఒకప్పుడు నిజమే. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు కొలిమిగుండ్ల మండలం నంద్యాల జిల్లాకు వెళ్లింది. పాత రాతలు ఎక్కువ, కొత్తవి తక్కువ, అందుకే అది పాతదే చెబుతుంది. లేపాక్షి ఇప్పటికీ అనంతపురం జిల్లాలోనే ఉందనడానికి కూడా ఇదే కారణం. అది ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. కర్నూలు రాజధాని సంగతి అడిగినా అంతే: 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, ఆంధ్రప్రదేశ్‌కు కాదు. ఈ రెండిటినీ కలిపేస్తుంది. పిల్లలు ఆ తప్పు పట్టుకున్నారంటే పాఠం వచ్చినట్టే.

‘ఆధారం దొరకలేదు’ అనే గుర్తు మీద పట్టుబట్టండి. అది లేకపోతే తెలియనివన్నీ ‘ఆధారం దొరికింది’ లోకి తోసేస్తారు.

గుత్తి కోట (అనంతపురం జిల్లా)

ఇంత కష్టం ఎందుకు? పదో తరగతి పిల్లలకు దీన్ని పూర్తిగా దూరం పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. జవాబు చేతికి వస్తుంటే బుర్ర పని మానేస్తుంది. టీచర్లు పేపర్లకు వాడుకోనీండి, పిల్లలకు వద్దు.

పాపాఘ్ని (కడప)

గుత్తి సార్ భయం నిజమైనదే, లెక్కలు కూడా ఉన్నాయి. తుర్కియేలో ఉన్నత పాఠశాల విద్యార్థులు దాదాపు వెయ్యి మందితో గణితంలో పరీక్షించి చూశారు. మామూలు ఏఐ చాట్ వాడినవాళ్లు అభ్యాసాల్లో 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్ల కన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా టీచర్లు కట్టడి చేసిన రకం వాడినవాళ్లు అభ్యాసాల్లో 127 శాతం మెరుగుపడ్డారు, పరీక్షలో ఆ నష్టం దాదాపు లేదు. అంటే తేడా అంతా ఎలా ఇచ్చామన్న దాంట్లో ఉంది. అయితే ఒకటి గమనించండి, ఆ రెండో రకంతో కూడా పరీక్షలో లాభం రాలేదు, నష్టం మాత్రమే తప్పింది. కాబట్టి దీనితో మార్కులు పెరుగుతాయని తల్లిదండ్రులకు మాట ఇవ్వొద్దు.

ఇంట్లో వాడే పిల్లలుంటే చాట్‌జీపీటీలో స్టడీ మోడ్, జెమినీలో గైడెడ్ లెర్నింగ్ అని ఉన్నాయి, రెండూ 2025లో వచ్చాయి. అవి ఎదురు ప్రశ్నలు వేస్తూ పోతాయి. పిల్లవాడు ఒక్క నొక్కుతో మామూలు మోడ్‌కు మారిపోగలడు, అందుకే నోట్‌బుక్‌లో నియమం పెట్టండి: ముందు సొంత ప్రయత్నం పెన్నుతో, ఎక్కడ ఆగిపోయానో ఒక వాక్యం, తర్వాతే ఫోన్. ఫోన్ మూశాక అదే లెక్క సంఖ్యలు మార్చి మళ్లీ చేయాలి. ఈ చివరి మెట్టు వదిలేస్తే మిగతాదంతా వృథా.

జవాబు పత్రాలు దిద్దించడం గురించి. తెలుగు చేతిరాతను ఫోటోలోంచి చదివేటప్పుడు మోడల్ ఉన్నది ఉన్నట్టు చదవదు, ఉండాల్సింది చదువుతుంది. పిల్లవాడు ‘విధ్యార్థి’ అని రాస్తే అది ‘విద్యార్థి’ అని ఎత్తి రాసి తప్పులేదంటుంది. గణితంలో గుర్తు తప్పు పడిన మెట్టును కూడా అలాగే నిశ్శబ్దంగా సరిచేసేస్తుంది. మనం వెతికేదే ఆ తప్పు కదా. కాబట్టి దిద్దడం మీరే చేయండి. దిద్దాక ‘ఎక్కువమంది చేసిన తప్పులు ఇవి’ అని నాలుగు వాక్యాల్లో టైప్ చేసి, వాటి మీద మళ్లీ చెప్పడానికి అభ్యాసాలు అడగండి. అక్కడ బాగా పనిచేస్తుంది.

పేర్లు, ఆధార్ నంబర్లు, మార్కుల జాబితాలు, ఫోటోలు ఎక్కించొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. క్లాసులో వాడటానికి కనీసం 13 ఏళ్లుండాలని యునెస్కో 2023 మార్గదర్శకం చెబుతోంది, కాబట్టి ఆరు, ఏడు తరగతుల్లో టీచర్ ఖాతాతో తెర మీద చూపించడం వరకే.

అనంత పద్యం

ఒక్క మాట మిగిలింది. పేపర్‌ను డీటీపీ సెంటర్‌కు ఇచ్చేటప్పుడు ఏఐ ఇచ్చిన తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది, వాళ్ల పేజ్‌మేకర్‌లో తెరిస్తే చెదిరిపోతుంది. వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో మండలి, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టి మీరే పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ప్రింట్ తీసే ముందు ‘క్షే’, ‘ర్థి’, ‘స్త్ర’ ఉన్న పదాలు ఒకసారి పెద్దది చేసి చూడండి, ఒత్తులు పక్కకు జరిగేది అక్కడే.